పాతబట్టల సింగారం

తెలుగు ఇళ్ళలో పాతబట్టను పారేయడం ఈ మధ్య వచ్చిన అలవాటు. అమ్మ పట్టుచీర కూతురికి పట్టులంగా అయ్యేది. నాన్న పంచె పసిబిడ్డకు పొత్తిగుడ్డ, ఆ తర్వాత బొంతలో లోపలి పొర, చివరికి వంటింట్లో మసిగుడ్డ. ఇంకా మిగిలినవి స్టీలు సామాన్లవాళ్ళ మూటలోకి వెళ్ళి గిన్నెగా తిరిగొచ్చేవి. అదంతా పొదుపు. పాతదాన్ని కొత్త సింగారంగా ఒంటిమీద నిలబెట్టే విద్యలో మాత్రం తెలుగు నేలకు పెద్ద గురువులు లంబాడీ ఆడవాళ్ళు. బంజారాలని కూడా పిలిచే ఈ జాతే హైదరాబాద్‌లోని బంజారాహిల్స్‌కు పేరిచ్చింది.

లంబాడీల ఫేటియా (లంగా), కాంచళి (రవిక), టుక్రి (తలముసుగు) మూడింటికీ ఆధారం అతుకుల పని. రంగు రంగుల గుడ్డముక్కలను త్రికోణాలుగా, చతురస్రాలుగా కత్తిరించి, అంచులు లోపలికి మడిచి, కింది బట్టకు పట్టేలా సన్నగా కుడతారు. అంచు మడవకుండా కుట్టిన ముక్క నాలుగు ఉతుకులకే పోగులు రాలుస్తుంది. అద్దం బిగించే తీరు ఇంకా గట్టిది. అద్దానికి రంధ్రం ఉండదు, జిగురూ ఉండదు. ముందు అద్దం మీదుగా అడ్డంగా, నిలువుగా నాలుగు దారాలు బిగించి లాగుతారు. ఆ దారాలనే ఆసరా చేసుకుని చుట్టూ కాజా కుట్టు వేస్తూ పోతే, దారాలు అంచులకు జరిగి అద్దానికి చట్రం ఏర్పడుతుంది. బట్ట చిరిగినా అద్దం ఊడదు. అందుకే పాత ఫేటియాల అంచులూ, కాంచళి ముక్కలూ చేతిసంచులుగా, దిండు గలీబులుగా మారి మళ్ళీ అమ్ముడవుతున్నాయి.

నగల విషయంలోనూ అదే చూపు. పాత రూపాయి, అర్ధరూపాయి బిళ్ళలకు చిన్న కొక్కెం అతికించి దండగా గుచ్చుతారు. గవ్వలు, పూసలు, ఊలు కుచ్చులు వాటి మధ్య చేరతాయి. దంతపు గాజులు దొరకడం ఆగిపోయాక వాటి చోట ప్లాస్టిక్ గాజులు వచ్చాయి, మోచేతి పైదాకా తొడుక్కునే పద్ధతి మాత్రం మారలేదు. వీళ్ళను చూసి నాణేల నగలు చేయబోయేవారు ఒకటి గుర్తుంచుకోవాలి: చెలామణిలో ఉన్న నాణేన్ని కరిగించినా, ధ్వంసం చేసినా 2011 నాటి నాణేల చట్టం ప్రకారం నేరం. అదే ఏడాది చెలామణి ఆగిపోయిన పావలా బిళ్ళలు ఇప్పటికీ చాలా ఇళ్ళ డబ్బాల్లో ఉన్నాయి. వాటికైనా రంధ్రం వేయడం కంటే కొక్కెం అతికించడమే మేలు.

చీరల్లో ముందు తెలుసుకోవలసింది ఏ భాగం బతికుందన్నది. గద్వాల చీరనే తీసుకుంటే ఒళ్ళు నూలు, అంచూ కొంగూ పట్టు. ఒళ్ళు నలిగి పలచబడినా అంచు చాలాకాలం నిలుస్తుంది. అది జాకెట్టు చేతులకో, సంచి పట్టీకో, మెడపట్టీకో పనికొస్తుంది. కత్తిరించేటప్పుడు అంచుకు ఆనుకుని కాక, ఒళ్ళులోంచి రెండు వేళ్ళ వెడల్పు కలుపుకుని కోయాలి, లేకపోతే మడిచి కుట్టడానికి బట్ట మిగలదు. పాత పట్టుచీర మడతల దగ్గరే ముందు చీలుతుంది. వెలుతురుకు అడ్డంగా పట్టి చూస్తే ఆ గీతలు కనిపిస్తాయి. అలాంటి బట్టకు వెనక నూలు అస్తరు వేయకుండా కుట్టడం శ్రమ దండగ. అసలు వెండి జరీ ఉన్న చీరలను జరీ కొనేవాళ్ళు కరిగించి వెండి తీసుకుంటారు. నేత బాగున్న అంచును అలా పోగొట్టుకోవడం తెలివితక్కువ బేరం.

హైదరాబాద్‌లో ఐటీ ఆఫీసుల ప్రాంతమైన సైబరాబాద్ తన వంతు ముడిసరుకు తాను తయారు చేసుకుంది. 1998 నవంబరులో సైబర్ టవర్స్ ప్రారంభమయ్యాక పెరిగిన ఈ ఆఫీసుల లోకంలో పండగకొకటి, ప్రాజెక్టుకొకటి, మారథాన్‌కొకటిగా టీషర్టులు పంచడం ఆనవాయితీ. వాటిని రెండోసారి తొడుక్కునేవాళ్ళు తక్కువ. నూలు టీషర్టును చంక కింది నుంచి అంచు దాకా గొట్టంలా కోసి, అంగుళం వెడల్పున సుడి తిరుగుతూ ఒకే పట్టీగా కత్తిరించి లాగితే, అల్లిక స్వభావం వల్ల పట్టీ అంచులు లోపలికి చుట్టుకుపోయి గుండ్రటి తాడు అవుతుంది. దాన్ని జడలా అల్లితే మెడహారం, క్రోషే సూదితో అల్లితే సంచి. ముందున్న ప్లాస్టిక్ అచ్చు భాగాన్ని తీసేయాలి, అది సాగదు, పగులుతుంది. పాలిస్టరు టీషర్టు నూలు రంగులను పట్టదు కాబట్టి దాన్ని ఉన్న రంగులోనే వాడుకోవాలి. ఐడీ కార్డు పట్టీలు గట్టివి, సంచి చేతులకు సరిగ్గా సరిపోతాయి. పాత జీన్స్‌లో మోకాళ్ళు పోతాయి గానీ నడుంపట్టీ, జేబులు పోవు.

నగలుగా మారే బొమ్మల సంగతి వేరు. తెలుగు పిల్లల లక్కపిడతలు చెవి జుంకాలకు పుట్టినట్టే ఉంటాయి. ఏటికొప్పాకలో అంకుడు చెక్కను తిప్పి, లక్కతో రంగు పట్టించి చేసిన పిడత చాలా తేలిక. సన్నని చేతి డ్రిల్లుతో అడుగున రంధ్రం వేసి తీగ దూర్చితే చాలు. లక్క ఎండకు మెత్తబడుతుంది, స్పిరిట్‌లో కరుగుతుంది. కాబట్టి సెంటు చల్లుకున్నాకే ఆ జుంకాలు పెట్టుకోవాలి. ప్లాస్టిక్ ఇటుకలు, చిన్న కార్లు లాకెట్టుగా బాగుంటాయి. అయితే మన దేశంలో బొమ్మలకు బీఐఎస్ ప్రమాణాలు తప్పనిసరి అయింది 2021 జనవరి నుంచే. అంతకు ముందువి, ముఖ్యంగా జిగటగా మారిన మెత్తటి ప్లాస్టిక్ బొమ్మలు ఒంటికి తగలకుండా ఉండటమే మంచిది. ఐటీ కారిడార్‌లో ముచ్చటగా కనిపించే కీబోర్డు మీటల ఉంగరాలతో ఇబ్బంది లేదు. సర్క్యూట్ బోర్డును ఇంట్లో రంపంతో కోయడం మాత్రం తగని పని, గాజుపీచు దుమ్ము ఊపిరితిత్తులకు చేటు.

నేర్చుకోవడానికి ఈ ప్రాంతంలో కొదవలేదు. ఫ్యాషన్ విద్యాసంస్థ నిఫ్ట్‌కు 1995లో మొదలైన హైదరాబాద్ కేంద్రం మాదాపూర్‌లో ఉంది. శిల్పారామం చేతిపనుల సంత దానికి దగ్గరలోనే. పాతవస్తువులు కావాలంటే ఎర్రగడ్డ ఆదివారం సంత, జుమ్మెరాత్ బజారు. లోపం సరుకులో లేదు, చేతిపనిలో ఉంది. వేడి జిగురుతో బొమ్మను అంటించి నగ అనడం, కొత్త బట్టను పాతదిలా చింపి అతుకు వేయడం రెండూ ఈ విద్యకు దూరం. కొనేవారు ముందు సంచిని లోపలివైపు తిప్పి చూడాలి. అంచులు మడిచి, అస్తరు వేసి, కుట్టు సన్నగా ఉంటే అడిగిన ధర ఇవ్వవచ్చు. అక్కడ జిగురు మరకలు కనిపిస్తే ఎంత తక్కువకిచ్చినా వదిలేయవచ్చు.