టైల్స్ కింద సంగతి

పాత ఇంట్లో బాత్రూమ్ బాగుచేయిద్దాం అనుకోగానే ఇంటిల్లిపాదీ టైల్స్ షాపుకు బయల్దేరతారు. నన్నడిగితే అక్కడికి ఆఖరున వెళ్లాలి. ముందు మంచి తాపీ మేస్త్రిని పిలిచి, నేలమీద రెండు బకెట్ల నీళ్లు కుమ్మరించి, అవి ఎటు పారుతున్నాయో, ఎక్కడ నిలుస్తున్నాయో, ఏ గోడ మొదట్లోకి ఇంకుతున్నాయో నిలబడి చూడాలి.

బందరులో మా అత్తగారిది మద్రాసు టెర్రాసు ఇల్లు. టేకు దూలాల మీద ఇటుకలు నిలువుగా పేర్చి సున్నంతో కట్టిన కప్పు, మూరెడు మందాన గోడలు. కట్టినవాళ్లు స్నానాలగదిని ఇంట్లో పెట్టలేదు. పెరట్లో బావి పక్కన నాపరాతి బండ, చుట్టూ తడిక. స్నానం చేసిన నీళ్లు తిన్నగా అరటి పాదుల్లోకి పోయేవి. తర్వాతి తరం వెనక వసారాలో ఓ మూల అడ్డుగోడ కట్టి, పైపు లాగి, బాత్రూమ్ చేసింది. మన ఊళ్లలో చాలా పాత ఇళ్ల కథ ఇదే. నీళ్ల కోసం కట్టని చోటికి నీళ్లు వచ్చి చేరాయి.

ఆ దెబ్బ ముందు తగిలేది గోడకి. బాత్రూమ్‌కి ఆవలివైపు పడగ్గది గోడ నడుమెత్తు దాకా పెచ్చులూడి, తెల్లగా ఉప్పు పొంగి ఉండేది. చెమ్మ ఆరేటప్పుడు అందులో కరిగిన లవణాలు గోడలోనే గట్టిపడి, పూతను బయటికి నెడతాయి. దానికి అందరూ చేయించే వైద్యం సిమెంటు ప్లాస్టరింగ్. సున్నపు గోడకు అది చేటు. సున్నం చెమ్మను పీల్చుకుని మళ్లీ వదిలేస్తుంది. సిమెంటు ఆ వదిలే దారిని మూసేస్తుంది. చెమ్మ ఇంకాస్త పైకెక్కి అక్కడ బయటపడుతుంది. మేం పడగ్గది వైపు సిమెంటంతా కొట్టించి, గోడను ఒక వేసవంతా ఆరనిచ్చి, తిరిగి సున్నమే పూయించాం. గానుగ సున్నం పాళ్లు తెలిసిన పెద్దాయన ఎవరైనా మీ ఊళ్లో ఉంటే, పనిని ఆయన వీలును బట్టి పెట్టుకోండి. అలాంటి చేతులు అరుదైపోయాయి.

ఇక నేల. అయిదడుగులకు అంగుళం వాటం ఉంటే నీళ్లు నిలవవు. గది మొత్తంలో అన్నిటికన్నా పల్లంలో ఉండాల్సింది నీళ్లు బయటికి పోయే నహానీ ట్రాప్. దాని అడుగున రెండంగుళాల లోతున ఎప్పుడూ నీళ్లు నిలిచి ఉండాలి. మురుగు వాసన, బొద్దింకలు ఇంట్లోకి రాకుండా ఆపేది ఆ నీళ్లే. వాడని బాత్రూమ్ వేసవిలో కంపు కొట్టిందంటే చాలాసార్లు కారణం ఆ నీళ్లు ఎండిపోవడమే. ఓ చెంబుడు నీళ్లు పోస్తే పోతుంది.

టైల్స్ పరిచాక నీళ్లు ఇంక దిగవని చాలామంది నమ్మకం. టైల్ సంగతి సరే, టైల్‌కీ టైల్‌కీ మధ్య సందుల్లో పెట్టే మామూలు గ్రౌట్ నీటిని పూర్తిగా ఆపదు. ఆపాల్సింది కింద వేసే వాటర్‌ప్రూఫింగ్ పూత. అది నేలకే కాదు, గోడలమీద అడుగెత్తు వరకూ, షవర్ దగ్గర తలెత్తు దాటేవరకూ రావాలి. పూత ఆరాక ట్రాప్ నోరు మూసి, నేలంతా నీళ్లు కట్టి, మట్టం దగ్గర గోడమీద గీత పెట్టి, 48 గంటలు వదిలేయాలి. మా మేస్త్రి ఈ పరీక్ష నేను అడగకముందే మొదలుపెట్టాడు. "రేపు పగలగొట్టే పని ఇవాళే తేలిపోవాలమ్మా" అన్నాడు. ఆ మాటతో ఆయనమీద నాకు గురి కుదిరింది.

పాత జీఐ పైపులు కోసి చూస్తే లోపల తుప్పు పేరుకుని పెన్సిల్ దూరేంత సందే మిగిలింది. వాటి చోట సీపీవీసీ వేయించాం. అది వేడినీళ్లకు తట్టుకుంటుంది. గోడ మూసేముందు పైపులు పోయిన దారిని టేపు పెట్టి ఫొటోలు తీసి ఉంచాం. షవర్ విషయంలో ఒక లెక్క చూసుకోవాలి. నీళ్ల ట్యాంకు 10 మీటర్ల ఎత్తున ఉంటే ఒక బార్ ఒత్తిడి వస్తుంది. ఒంటి అంతస్తు ఇంట్లో ఆ ఎత్తు ఎక్కడిది? పంపు పెట్టకుండా ఖరీదైన షవర్ ప్యానెల్ బిగిస్తే సన్నటి ధారే గతి. మా అత్తగారైతే అసలు షవరే వద్దన్నారు. "బకెట్టు నిండేలోగా పేపర్ చదివే పని లేకుండా ఒక మంచి కొళాయి పెట్టించమ్మాయ్" అన్నారు.

ఆవిడకి మోకాళ్ల నొప్పులు. ఈ గది ఆవిడ కోసమే. నేలకి మెరిసే టైల్స్ వద్దని, పాలిష్ చేయని బేతంచెర్ల బండలు పరిపించాం. తడిలోనూ కాలు నిలుస్తుంది. అయితే అది సున్నపురాయి, యాసిడ్ పడితే తినేస్తుంది. అందుకని యాసిడ్ సీసాలు ఆ గది గడప తొక్కకూడదని ఇంట్లో కట్టడి. కమోడ్ పక్కన పట్టుకునే కడ్డీ తప్పనిసరి. పాత సున్నపు గోడలో మామూలు స్క్రూలు మనిషి బరువుకు ఆగవు గనక, టైల్స్ వేయకముందే అక్కడ ఇటుకలు తీసి కాంక్రీటు దిమ్మె పోయించాం. తలుపు బయటికి తెరుచుకునేలా మార్చాం. లోపల ఎవరైనా పడిపోతే, మనిషి అడ్డం పడ్డ తలుపును బయటినుంచి నెట్టడం ఎంత కష్టమో ఒక్కసారి ఊహించుకోండి. గీజర్‌కి ఎర్తింగ్, కరెంటు లీకైతే సరఫరా ఆపేసే 30 మిల్లీయాంపుల ఆర్‌సీసీబీ లేకుండా స్విచ్ వేయనివ్వలేదు. పాత ఇళ్లలో ఎర్తింగ్ తీగ చాలాచోట్ల ఉండనే ఉండదు.

ఇవేవీ వచ్చిన చుట్టాలకు కనబడేవి కావు. అందుకే బడ్జెట్ తగ్గించాల్సి వచ్చినప్పుడు ముందు వీటిమీదే కత్తి పడుతుంది. తగ్గించుకోవాలంటే గోడలకి పైదాకా టైల్స్ మానేయండి, అద్దం చిన్నది కొనండి. నేలలో నీళ్లు కట్టిన ఆ రెండు రోజులూ మేస్త్రికి పని లేదని కూలి మాత్రం కోయకండి.