న్యూటన్ పుస్తకంలో వడిసెల, బొంగరం

న్యూటన్ పేరు వినగానే పిల్లలకు గుర్తొచ్చేది చెట్టు మీంచి రాలిన ఆపిల్. ఆయన 1687లో వెలువరించిన 'ప్రిన్సిపియా'లో ఆ కథ లేదు. బలాన్ని నిర్వచించే తొలి పుటల్లో ఉన్నది వడిసెల. మొదటి గమన నియమం కిందనే, తిప్పి వదిలితే తిరుగుతూనే ఉండే ఒక ఆటవస్తువు ఉంది. దానికి ఆయన వాడిన లాటిన్ మాటకు కొందరు చక్రమని అర్థం చెప్పారు. 1729 నాటి ఇంగ్లీషు అనువాదం మాత్రం బొంగరం అంది. జొన్నచేలో మంచె మీద పిట్టలను తోలడానికి రైతు తిప్పినదీ, వీధి మట్టిలో పిల్లలు ఆడినదీ ఆ మహాగ్రంథానికి ఉదాహరణలయ్యాయి. బడిపిల్లలు గమన నియమాలను బట్టీ పట్టకముందే ఈ రెండింటినీ చేత్తో పట్టుకోవాలని నా కోరిక.

వడిసెల: పావు చుట్టు ముందు

పేనిన రెండు తాళ్లు, నడుమ రాయి కూర్చోవడానికి వెడల్పుగా అల్లిన పట్టీ: వడిసెల అంటే ఇంతే. ఒక తాడు కొసన ఉన్న ఉచ్చును వేలికి తగిలిస్తారు. రెండో కొసను అదే చేతి వేళ్ల మధ్య బిగించి పడతారు. తల మీదుగా గిరగిరా తిప్పి రెండో కొసను వదిలేస్తే పట్టీ తెరుచుకుంటుంది. రాయి పోతుంది, వడిసెల చేతిలోనే ఉంటుంది.

నేర్పంతా ఎప్పుడు వదలాలన్న దాంట్లోనే ఉంది. రాయి సరిగ్గా పిట్టలవైపు వచ్చినప్పుడు వదిలితే అది పక్క చేలో పడుతుంది. చేయి తిరిగినవాడు పావు చుట్టు ముందే వదులుతాడు. రాయి తనంతట తాను వంపు తిరగదు. తాడు దాన్ని క్షణక్షణమూ లోపలికి లాగుతుంటేనే తిరుగుతుంది. ఆ లాగుడే అభికేంద్ర బలం. కొస వదలగానే ఆ బలం పోతుంది. అప్పటికి ఏ దిక్కున పోతోందో ఆ దిక్కునే, అంటే వృత్తానికి స్పర్శరేఖ వెంట రాయి తిన్నగా సాగుతుంది. భూమి ఆకర్షణ దాన్ని మెల్లగా కిందికి వంచుతుంది. జడత్వం అనే మాటకు ఇంతకన్నా స్పష్టమైన వివరణ నాకు తెలియదు.

'తిరిగే రాయిని ఏదో బలం బయటికి నెడుతుంది' అని చాలామంది పిల్లలు అనుకుంటారు. అదే నిజమైతే, వదిలిన రాయి చేతికి దూరంగా, తాడు చాచిన దిక్కునే పోవాలి. అలా పోదు. మరి వేలిని బయటికి లాగుతున్నదేమిటి? వేలు తాడు ద్వారా రాయిని లోపలికి లాగితే, రాయి అదే తాడు ద్వారా వేలిని బయటికి లాగుతుంది. చర్య రాయి మీద, ప్రతిచర్య వేలి మీద. రెండూ సమానమే కానీ పనిచేసే చోట్లు వేరు. మూడో నియమంలో పిల్లలు తడబడేది ఇక్కడే. ఆ తడబాటు తీరేది కూడా వేలికి ఉచ్చు తగిలినప్పుడే.

లెక్క కూడా వేయవచ్చు. మీటరు పొడవు తాడుతో 100 గ్రాముల రాయిని సెకనుకు మూడు చుట్లు తిప్పితే, దాని వేగం గంటకు 68 కిలోమీటర్ల దాకా ఉంటుంది. దాన్ని పట్టి ఉంచడానికి సుమారు 35 న్యూటన్ల బలం కావాలి. అంటే మూడున్నర కిలోల బరువు వేలికి వేలాడినట్టే. రాయి బరువు రెట్టింపైతే బలం రెట్టింపు కావాలి. చుట్లు రెట్టింపైతే నాలుగు రెట్లు కావాలి. వడిసెలలో రాయిని తాడు లాగినట్టే చంద్రుణ్ణి భూమి లాగుతోందని న్యూటన్ చూపించాడు.

బొంగరం: చుట్టడంలో ఉన్న శాస్త్రం

మంచి బొంగరం తయారీలోనే భౌతికశాస్త్రం మొదలవుతుంది. అనకాపల్లి జిల్లాలో వరాహ నది ఒడ్డున ఉన్న ఏటికొప్పాకలో అంకుడు కర్రను తిప్పుడు యంత్రానికి బిగించి బొమ్మలు, బొంగరాలు చెక్కుతారు. ఈ బొమ్మలకు 2017లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. తిరుగుతున్న కర్రకు రంగు కలిపిన లక్కను అదిమితే ఘర్షణ వేడికే లక్క కరిగి కర్రకు పడుతుంది. ఇరుసు చుట్టూ తిరుగుతుండగా చెక్కిన కర్ర కాబట్టి బరువు అన్ని వైపులా సమంగా ఉంటుంది. బరువు ఒక పక్కకు ఒరిగితే బొంగరం వణికి తొందరగా పడిపోతుంది.

వీధిలో విసిరే మేకు బొంగరానికి తాడు చుట్టడం ఒక విద్య. మేకు దగ్గర మొదలుపెట్టి, వరుస మీద వరుస ఎక్కకుండా, బిగుతుగా పొట్ట దాకా చుట్టాలి. విసిరి వెనక్కి గుంజినప్పుడు ముందు విడేది పొట్ట మీది వరుసే. ఇరుసుకు దూరంగా లాగితే తిప్పడం తేలిక కాబట్టి, కదలకుండా ఉన్న బొంగరం అక్కడ సులువుగా కదులుతుంది. చివర్లో తాడు మేకు దగ్గరి సన్నని భాగం నుంచి విడుతుంది. అక్కడ చుట్టుకొలత చిన్నది. జానెడు తాడు పొట్ట మీద ఎక్కువ చుట్లు తిప్పదు, మేకు దగ్గర అదే జానెడు ఎన్నో చుట్లు తిప్పుతుంది. సైకిల్‌కు గేర్లు చేసే పనిని ఇక్కడ కర్ర ఆకారమే చేస్తోంది.

మేకు మొన సన్నగా ఉంటే నేల ఘర్షణకు బొంగరాన్ని ఆపే పట్టు దొరకదు. గట్టి నేల మీద ఎక్కువసేపు, మెత్తటి మట్టిలో తక్కువసేపు తిరగడానికి కారణం కూడా ఘర్షణే. ఘర్షణా, గాలీ అడ్డుపడకపోతే అది ఆగనే ఆగదు.

వేగం తగ్గి ఒరిగాక కూడా బొంగరం వెంటనే పడదు. తల మెల్లగా గుండ్రంగా తిరుగుతుంది. భూమి కిందికి లాగుతున్నా, తిరుగుడు ఉన్నంతసేపూ ఆ లాగుడు ఇరుసును పడదోయకుండా దాని దిక్కును మారుస్తూ పోతుంది. మన భూమి కూడా ఇలాంటి బొంగరమే. భూమధ్యరేఖ దగ్గర ఉబ్బిన భాగాన్ని సూర్యచంద్రులు లాగడం వల్ల దాని ఇరుసు సుమారు 26,000 ఏళ్లకొకసారి ఒక చుట్టు తిరుగుతుంది. ఈ కారణాన్ని కూడా న్యూటన్ ప్రిన్సిపియాలోనే వివరించాడు.

దీని జాడ మన పంచాంగంలో ఉంది. ఇరుసు తిరుగుడు వల్ల ఋతువుల లెక్కకూ, నక్షత్రాలను బట్టి కట్టే పంచాంగం లెక్కకూ మధ్య సుమారు 72 ఏళ్లకు ఒక డిగ్రీ చొప్పున పెరుగుతూ వచ్చిన తేడాయే అయనాంశ. ఇప్పుడది సుమారు 24 డిగ్రీలు. సూర్యుడు నిజంగా ఉత్తరానికి మళ్లేది డిసెంబరు 21, 22 తేదీల్లో. మనం మకర సంక్రాంతి చేసుకునేది జనవరి 14, 15 తేదీల్లో. నడుమ ఉన్న మూడు వారాల పైచిలుకు తేడా భూమి అనే బొంగరం తల తిప్పడం వల్ల వచ్చిందే.

తరగతి గదిలోకి

ఈ పాఠానికి ప్రయోగశాల అక్కర్లేదు. ఖాళీ మైదానం, రాయికి బదులు చిన్న గుడ్డ ఉండ, ఒక తాడు, ఒక బొంగరం చాలు. ముందు పిల్లల చేత తిప్పించాలి. ఉండ ఎక్కడ పడుతుందో ఊహించి నేల మీద గీత గీయమనాలి. ఊహ తప్పినప్పుడు ఎందుకు తప్పిందని అడగాలి. స్పర్శరేఖ, జడత్వం, ప్రతిచర్య అనే మాటలు ఆ తర్వాత రావాలి. అప్పుడు అవి తాము చూసినదానికి పేర్లని పిల్లలకు తెలుస్తుంది.

ఊళ్లో చేను కాపు కాసిన తాత ఎవరైనా ఉంటే ఆ రోజు బడికి పిలవండి. 'తాతా, ఎప్పుడు వదలాలి?' అని పిల్లల్నే అడగనివ్వండి. ఆయన చేయి తిప్పి చూపిస్తాడు. వదిలిన చోట నేల మీద ఒక గుర్తు పెట్టి, అక్కడి నుంచి మాస్టారు పాఠం మొదలుపెట్టవచ్చు.