మంచం కింది సర్వరుకు వేలెడు డిస్కు

హైదరాబాద్ అశోక్‌నగర్‌లో మూడో అంతస్తు గది. మూడు మంచాలు, గోడకు తెలంగాణ మ్యాపు, కిటికీ దిమ్మె మీద వరుసగా గ్రూప్-2 పుస్తకాలు. నడిమి మంచం కింద, చెప్పుల పక్కన, టిఫిన్ డబ్బా అంత నల్లపెట్టె ఒకటి రాత్రింబవళ్లు సన్నగా గుయ్‌మంటూ ఉంటుంది. ఆ గదికి అదే సర్వరు. ముగ్గురూ రాసుకున్న నోట్సు, స్కాన్ చేసిన పాత ప్రశ్నపత్రాలు, ఊళ్ల నుంచి వచ్చిన పెళ్లి ఫొటోలు అన్నీ అందులోనే ఉంటాయి. ఎవరి ఫోన్లోంచైనా వైఫై మీద తెరుచుకోవచ్చు. మొబైల్ డేటా ఖర్చు కాదు, నెలనెలా ఎవరికీ అద్దె కట్టక్కర్లేదు.

ఒక ఆదివారం పొద్దున అది లేవలేదు.

పక్కగది నుంచి మానిటర్ అడిగి తెచ్చి తగిలిస్తే, బూట్ అవడానికి డిస్కేదీ దొరకలేదని నల్లటి తెర మీద ఒకే ఒక్క వరుస. ఫొటోలూ నోట్సూ ఉన్న పెద్ద డిస్కు నిక్షేపంగా ఉంది. పోయిందల్లా వెనక యూఎస్‌బీ పోర్టులో గుచ్చి ఉన్న పెన్‌డ్రైవ్. ఆపరేటింగ్ సిస్టమ్ దాని మీదే ఉంది. తీసి ల్యాప్‌టాప్‌కు పెడితే సైజు సున్నా అని చూపించింది. సర్వరు పెట్టిన కుర్రాడు ఇంజినీరింగ్ చదివి, ఇప్పుడు సర్కారు కొలువు కోసం చదువుతున్నవాడు. ఎనిమిది నెలల కింద ఆ పెన్‌డ్రైవ్ కొన్నప్పుడు దాని మీద పెద్దగా ఆలోచించలేదు. చాలామంది ఆలోచించరు, ఎందుకంటే సర్వరు అనగానే అందరి లెక్కా ఎన్ని టీబీలు అన్నదాని మీదే ఉంటుంది.

ఆ గదికి నడకదూరంలో ఆర్టీసీ క్రాస్‌రోడ్స్ సినిమాహాళ్లున్నాయి. సంధ్యలోనైనా సుదర్శన్‌లోనైనా హాలంతా ప్రేక్షకులది, ప్రొజెక్టర్ గదికి దక్కేది వెనక ఓ మూల. ఆ చిన్నగది తలుపు తెరుచుకోకపోతే మాత్రం ఆట మొదలవదు. సర్వరులో బూట్ డ్రైవ్ అలాంటిది. దానికి స్థలం అక్కర్లేదు, 16 జీబీ నుంచి 128 జీబీ దాకా ఏదైనా సరిపోతుంది. వేగమూ పెద్దగా అక్కర్లేదు. దానికి కావలసింది ఓర్పు, సర్వరు నడుస్తున్నంతసేపూ ఏదో ఒకటి రాస్తూనే ఉంటుంది గనుక. ఎవరు లాగిన్ అయ్యారు, ఏ సర్వీసు ఎప్పుడు లేచింది, ప్రాసెసర్ ఎంత వేడిగా ఉంది అని చిన్నచిన్న ముక్కలుగా లాగ్ పడుతూనే ఉంటుంది. ప్రాక్స్‌మాక్స్ లాంటి సిస్టమ్ అయితే ఈ రాత మరీ ఎక్కువ. ఫ్లాష్ మెమరీలో ప్రతి గడికీ ఇన్నిసార్లే చెరిపి రాయగలమని పరిమితి ఉంటుంది. మంచి ఎస్‌ఎస్‌డీలో ఉండే కంట్రోలర్ ఆ రాతను అన్ని గడుల మీదికీ సమంగా పంచుతుంది. చౌక పెన్‌డ్రైవ్‌కు అంత తెలివి ఉండదు. పైగా వేడెక్కుతుంది, బయటికి పొడుచుకొచ్చి ఉండటంతో పొద్దున్నే చీపురు తగిలినా కదులుతుంది. ఇంటి సర్వర్లకు వాడే ఫ్రీనాస్ అనే సిస్టమ్ రోజుల్లో పెన్‌డ్రైవ్ మీద ఇన్‌స్టాల్ చేయడం మామూలే. దానికి వారసుడిగా వచ్చిన ట్రూనాస్ మాత్రం ఎస్‌ఎస్‌డీయే పెట్టుకోమంటుంది. అన్‌రెయిడ్ అనే మరో సిస్టమ్ సంగతి వేరు. అది పెన్‌డ్రైవ్ నుంచి లేచి ర్యామ్‌లోకి ఎక్కేస్తుంది, ఆ తర్వాత పెన్‌డ్రైవ్ మీద రాసేది చాలా తక్కువ.

మరి ఆ కుర్రాడు మొదట్లోనే ఎస్‌ఎస్‌డీ ఎందుకు పెట్టలేదు? పెట్టెలో చోటు తక్కువ గనుక. ఆఫీసుల్లో మానిటర్ వెనక బిగించే ఈ బుల్లి కంప్యూటర్లు, డెల్ ఆప్టిప్లెక్స్ మైక్రో, లెనోవో థింక్‌సెంటర్ టైనీ, హెచ్‌పీ ఎలైట్‌డెస్క్ మినీ వంటివి, సెకండ్‌హ్యాండ్ బజారుకు బాగా వస్తున్నాయి. విండోస్ 10కు మామూలు సపోర్టు 2025 అక్టోబర్ 14తో ఆగిపోయింది. విండోస్ 11కు సాధారణంగా ఇంటెల్ 8వ తరం ప్రాసెసర్ నుంచే అధికారికంగా అనుమతి. అందుకని 6, 7 తరాల కంప్యూటర్లు దిట్టంగా ఉన్నా ఆఫీసులకు పనికిరానివయ్యాయి. లినక్స్‌కు అలాంటి పట్టింపు లేదు కనుక ఇంటి సర్వరుకు అవి వరమే. ఇబ్బందల్లా ఒక్కటే. ఆ కాలపు పెట్టెల్లో చాలావాటికి లోపల ఒక ఎం.2 స్లాటు, ఒక రెండున్నర అంగుళాల డిస్కు పట్టే చోటు, అంతే. రెంటిలో ఒకటి బూట్‌కు ఇస్తే డేటాకు మిగిలేది ఒకటే. ఉన్న రెండూ డేటాకే ఉంచుకుందామన్న ఆశతోనే మనుషులు పెన్‌డ్రైవ్ వైపు వెళ్తారు.

ఈసారి ఆ కుర్రాడు ఆశ తగ్గించుకున్నాడు. డేటాకు రెండున్నర అంగుళాల డిస్కు, బూట్‌కు ఎం.2 స్లాటు. నారాయణగూడలో ఓ కంప్యూటర్ రిపేరు షాపులో పాత ల్యాప్‌టాప్‌లోంచి తీసిన 128 జీబీ ఎం.2 డిస్కు కొన్నాడు. స్లాటులో చక్కగా కూర్చుంది, స్క్రూ కూడా పడింది. కానీ బయాస్‌లో కనబడలేదు. మర్నాడు పెట్టె సంచిలో వేసుకుని మళ్లీ అదే షాపుకు.

“ఏమైందన్నా, పాడైందా ఇది?”

“పాడు గాలే తమ్మీ. ఇగో, ఈ కోతలు సూడు. రెండున్నయ్ గదా? ఇది సాటాది. నీ బోర్డు ఎన్‌వీఎంఈ ఒక్కటే తీస్కుంటది.”

అతను చూపించింది డిస్కు చివర బంగారు రంగు పళ్ల మధ్య ఉండే గాడి. ఎం.2 అన్నది ఆకారానికి పేరు. లోపల నడిచే భాష సాటా కావచ్చు, ఎన్‌వీఎంఈ కావచ్చు. గాడి ఒక్కటే ఉండి, దానికవతల అయిదు పళ్లు మిగిలితే ఎం-కీ, అది దాదాపు ఎప్పుడూ ఎన్‌వీఎంఈయే. రెండు గాళ్లుంటే బీ-ప్లస్-ఎం. అలాంటిది చాలాసార్లు సాటా అవుతుంది, కానీ ఎప్పుడూ కాదు. అందుకే గాడి చూసి ఆగకుండా లేబుల్ మీది మోడల్ నంబరు వెతికి చూసుకోవాలి. కొలతలూ అంతే. 2280 అంటే 22 మిల్లీమీటర్ల వెడల్పు, 80 పొడవు. 2242 అంటే పొడవు 42. పొట్టిది కొన్నప్పుడు స్క్రూ బిగించే చోటు ఆ దూరంలో బోర్డు మీద ఉందో లేదో ముందే చూడాలి. అయిదు నిమిషాల ఈ పరిశీలన రెండుసార్ల బస్సు చార్జీని మిగులుస్తుంది.

షాపతను సొరుగులోంచి ఇంకోటి తీశాడు. ఇంటెల్ ఆప్టేన్ మెమరీ, 16 జీబీ. దానికీ గాళ్లు రెండే, నడిచేది మాత్రం ఎన్‌వీఎంఈ. 16 జీబీ చూసి కుర్రాడు పెదవి విరిచాడు.

అక్కడే చాలామంది మంచి సరుకు వదిలేస్తారు. ఆప్టేన్ మామూలు ఫ్లాష్ కాదు. ఇంటెల్, మైక్రాన్ కలిసి 2015లో ప్రకటించిన 3డీ ఎక్స్‌పాయింట్ అనే వేరే రకం మెమరీ అది. 2017లో దాన్ని హార్డ్‌డిస్కుకు వేగం పెంచే క్యాష్‌గా అమ్మారు. ఎస్‌ఎస్‌డీలే చౌకయ్యాక ఆ అవసరం తీరిపోయింది, 2022 జులైలో ఇంటెల్ ఆప్టేన్ వ్యాపారాన్నే చుట్టేస్తానని చెప్పింది. అలా ల్యాప్‌టాప్‌ల నుంచి ఊడదీసిన బుల్లి ఆప్టేన్‌లు అడిగేవాళ్లు లేక సొరుగుల్లో పడ్డాయి. వాటి ఓర్పు ఎంతంటే, 16 జీబీ ముక్క మీద 182.5 టీబీ దాకా రాయొచ్చని ఇంటెల్ లెక్క ఇచ్చింది. కింగ్‌స్టన్ ఏ400లో 120 జీబీ మోడల్‌కు ఆ అంకె 40 టీబీ. రోజుకు 20 జీబీ రాసే సర్వరు అనుకుంటే ఏ400కు అయిదున్నరేళ్లు, ఆప్టేన్‌కు పాతికేళ్లు. ఏ400 చెడ్డదని కాదు, ఇంటి సర్వరుకు అయిదున్నరేళ్లు తక్కువేం కాదు. పెన్‌డ్రైవ్‌కైతే ఇలాంటి అంకె పెట్టె మీద సాధారణంగా కనిపించదు.

ఆప్టేన్‌కు చిక్కు లేకపోలేదు. 16 జీబీ అని పేరే గానీ సిస్టమ్ లెక్కలో చేతికొచ్చేది 13.4. డెస్క్‌టాప్ లేని డెబియన్ లినక్స్‌కు అది హాయిగా సరిపోతుంది. ట్రూనాస్‌కు మాత్రం ఇరుకు, అప్‌డేట్ చేసిన ప్రతిసారీ పాత కాపీని పక్కన దాచుకుంటుంది కాబట్టి.

సెకండ్‌హ్యాండ్ డిస్కు కొనేటప్పుడు బేరం కన్నా ముందు చేయాల్సిన పని ఒకటుంది. స్మార్ట్‌సీటీఎల్ అనే ఉచిత ప్రోగ్రాం ఆ డిస్కు చరిత్ర మొత్తం చెబుతుంది. ఎన్ని గంటలు నడిచింది, తన ఆయుష్షులో ఎంత శాతం వాడేసింది, ఎంత రాసింది అన్నీ. ఎన్‌వీఎంఈలో రాసిన యూనిట్ల లెక్క ఉంటుంది. ఒక్కో యూనిట్ 5,12,000 బైట్లు, అంటే 20 లక్షల యూనిట్లయితే సుమారు ఒక టీబీ రాసినట్టు. షాపతను ఒప్పుకుంటే అక్కడే లినక్స్ పెన్‌డ్రైవ్‌తో కంప్యూటర్ లేపి చూసుకోవచ్చు. పెన్‌డ్రైవ్‌కు తగిన పని అదే. కుర్రాడు అడిగాడు, షాపతను కాదనలేదు. ఆయుష్షు వాడిన శాతం దగ్గర సున్నా కనబడింది. సాటా డిస్కు తిరిగిచ్చి, దాని బదులు ఆప్టేన్ తీసుకున్నాడు.

ఆ రాత్రి ఇన్‌స్టాలేషన్‌కు పావుగంట కూడా పట్టలేదు. అసలు పని ఆ తర్వాత మొదలైంది. పాత సెట్టింగులు ఎక్కడా దాచుకోలేదు. ముగ్గురి యూజర్లు, ఫోల్డర్ల అనుమతులు, ఫొటోల ప్రోగ్రాం, ఒక్కొక్కటే గుర్తు చేసుకుంటూ మళ్లీ కట్టేసరికి తెల్లవారుజామయింది. ఆ సెట్టింగుల ఫైళ్లన్నీ కలిపినా ఒక్క ఫొటో అంత ఉండవు. ఈసారి రోజూ రాత్రి రెండింటికి వాటి కాపీ డేటా డిస్కులోకి వెళ్లేలా, వారానికోసారి ల్యాప్‌టాప్‌లోకీ చేరేలా పెట్టాడు. లాగ్‌లను ర్యామ్‌లో ఉంచి గంటకోసారి మాత్రమే డిస్కు మీదికి దించేలా మార్చాడు. కరెంటు పోతే అలా ర్యామ్‌లో ఉన్న లాగ్ పోతుంది, అది తెలిసే ఒప్పుకున్నాడు. చిన్న యూపీఎస్ కొనాలన్న మాట మాత్రం ముగ్గురి మధ్య ఇంకా తేలలేదు.

మూత బిగించే ముందు తెల్ల స్టిక్కర్ మీద తేదీ, డిస్కు నడిచిన గంటలు రాసి లోపలివైపు అంటించాడు. పొద్దున్నే మిగతా ఇద్దరూ సిటీ సెంట్రల్ లైబ్రరీలో సీటు పట్టుకోవడానికి లేచి, అలవాటుగా ఫోన్లు తీశారు. ఫోల్డర్ తెరుచుకుంది. పాలిటీ నోట్సు చదువుకుంటూ మెట్లు దిగిపోయారు.