పక్కనుంచి పడే వెలుగు

గంగారం లాంటి మండల కేంద్రంలో బడి హాలుకో, కమ్యూనిటీ హాలు వేదికకో లైట్లు పెట్టించేందుకు కొద్దిపాటి సొమ్ము సమకూరిందనుకుందాం. మామూలుగా ఏం జరుగుతుంది? వేదికకు ఎదురుగా ఒక కమ్మీకి నాలుగు ఫ్లడ్‌లైట్లు వరసగా బిగిస్తారు. గోడ మీద ఒక్క స్విచ్చు వేస్తే అన్నీ ఒకేసారి వెలుగుతాయి. వెలుతురు బోలెడు వస్తుంది గానీ నాటకం కనిపించదు. సూటిగా ముందునుంచి పడే కాంతి ముఖం మీది నీడలన్నిటినీ తుడిచేసి కనుబొమ్మలు, ముక్కు, దవడ అన్నిటినీ చదును చేస్తుంది. నటుడి నీడ మాత్రం వెనక తెర మీద అతనికంటే పెద్దదై నిలబడుతుంది. అందుకే, డబ్బు తక్కువున్న చోట పెద్ద దీపాలు తగ్గించుకోవాలి. అవి ఎటునుంచి పడాలో, ఏ క్షణాన ఎంత వెలగాలో మన చేతిలో ఉంచే సరంజామా మీద ముందు ఖర్చు పెట్టాలి.

మన ఆటల్లో ఇది పాత సంగతే. కూచిపూడి భాగవతుల ప్రదర్శనల్లో ప్రధాన పాత్ర తెర వెనక సిద్ధంగా ఉండగా కాగడా మీద గుగ్గిలం పొడి చల్లేవాళ్లు. భగ్గున మంట లేచేది, పాత్ర ప్రవేశించేది. అప్పటిదాకా వెలుగుతున్న కాగడాయే అది; సరైన అదనులో ఒక్కసారి పెరిగిందంతే. కాగడాలు అటూ ఇటూ ఉండేవి కాబట్టి వెలుగు ముఖాన్ని పక్కలనుంచి చెక్కేది. జనగామ జిల్లాకు చెందిన గడ్డం సమ్మయ్యకు 2024లో పద్మశ్రీ తెచ్చిన చిందు యక్షగానాన్నే తీసుకోండి. కిరీటం, భుజకీర్తులు, ముఖం నిండా దట్టమైన రంగు: ఇంత శ్రమపడి కట్టుకున్న వేషానికి అంచులు తేలాలంటే పక్క వెలుగు కావాలి. ఎదురు ఫ్లడ్‌లైటు కింద ఆ శ్రమంతా వృథా. కలకత్తాలో 1959లో ఉత్పల్ దత్ ‘అంగార్’ నాటకానికి దీపాల రూపకర్త తాపస్ సేన్ బొగ్గుగనిలోకి నీళ్లు ముంచుకొచ్చే దృశ్యాన్ని కేవలం వెలుగునీడలతో చూపించారు. చీకటిని ఎక్కడ ఉంచాలో తెలిసినవాడు చేసిన పని అది.

ఇక లెక్కలోకి వద్దాం. పాత హాలోజన్ పార్ క్యాన్ (డబ్బాలాంటి స్టేజి దీపం) 1000 వాట్లది ఒక్కటే 230 వోల్టుల మీద నాలుగు ఆంపియర్లకు పైగా లాగుతుంది. 16 ఆంపియర్ల సాకెట్ మీద మూడు పెట్టాక ఇక చోటుండదు. 150 వాట్ల ఎల్‌ఈడీ పార్‌లు ఎనిమిది పెట్టినా అన్నీ కలిపి 1200 వాట్లే, ఆరు ఆంపియర్లు కూడా దాటవు. చిన్న హాలుకు మరో లాభముంది: దీపాన్ని ఎనిమిది మీటర్ల దూరంనుంచి నాలుగు మీటర్లకు తెస్తే వెలుగు నాలుగింతలవుతుంది కాబట్టి పెద్ద దీపాలతో పనే లేదు. అమెరికాలో స్టాన్లీ మెక్‌కాండ్‌లెస్ 1932లో పుస్తకంగా రాసిన పద్ధతి ఇప్పటికీ పనికొస్తుంది: నటుడికి కుడివైపునుంచి ఒకటి, ఎడమవైపునుంచి ఒకటి, దాదాపు 45 డిగ్రీల వాలున, ఒకటి వెచ్చని రంగు, ఒకటి చల్లని రంగు. ఎనిమిదిలో నాలుగు ఇలా ముందు పక్కలకు, రెండు వేదిక రెక్కల్లో స్టాండ్ల మీదికి, రెండు వెనక తెరకు. దేని వెలుగు దానికి విడిగా తగ్గించి పెంచడానికి 192 ఛానెళ్ల చిన్న కంట్రోలర్ చాలు. డీఎంఎక్స్ అనే ఉమ్మడి ప్రమాణం 1986 నుంచీ ఉంది కాబట్టి, దాన్ని పాటించే దీపం ఏ కంపెనీదైనా, వచ్చే ఏడు కొన్నదైనా, అదే పెట్టె మాట వింటుంది. మంచి కేబుల్, సరైన ఎర్తింగ్, తల మీద వేలాడే ప్రతి దీపానికీ బిగింపు ఊడినా ఆపే ఇనప గొలుసు: వీటిలో మాత్రం పైసా మిగుల్చుకోకూడదు. ఒకప్పుడు ఔత్సాహిక బృందాలు వాడిన, ఉప్పునీటిలోంచి కరెంటు పంపి వెలుగు తగ్గించే డిమ్మర్ ప్రాణాంతకం, దాని జోలికే పోవద్దు.

చవక ఎల్‌ఈడీలో ముఖాలు పాలిపోతాయనీ, చామనఛాయ ఊదాగా మారుతుందనీ అనుభవజ్ఞులు అంటారు. నిజమే. ఎరుపు, ఆకుపచ్చ, నీలం కలిపి చేసే తెలుపులో మధ్య రంగులు కొరవడతాయి. అందుకే ముఖానికి పడే నాలుగూ తెల్ల దీపాలే (రెండు వార్మ్‌వైట్, రెండు కూల్‌వైట్) కొనాలి, రంగులు మార్చేవి తెరకూ రెక్కలకూ పరిమితం చేయాలి. ఇంకో అభ్యంతరం బలమైనది. మాణిక్యపురం చుక్క సత్తయ్య ఒగ్గుకథ చెబితే జనం కదలకుండా వినేవాళ్లు, దానికి ఏ స్పాట్‌లైటు కావాల్సి వచ్చిందని అడగొచ్చు. ఒగ్గుకథకుడికి వినేవాళ్ల కళ్లు కనబడాలి. హాలంతా చీకటి చేస్తే కథ సగం చచ్చిపోతుంది. దీన్ని పూర్తిగా ఒప్పుకుంటాను. అయితే జనం మీది లైట్లను సగానికి తగ్గించి ఉంచాలన్నా వాటికీ విడి డిమ్మర్ ఉండాలి. ఒకే స్విచ్చున్న హాల్లో ఒగ్గుకథకూ నాటకానికీ ఒకటే వెలుతురు.

టెంట్‌హౌస్ నుంచి అద్దెకు తెస్తే పోలా అనే మాట కూడా వినిపిస్తుంది. అద్దె దీపాలు ప్రదర్శన సాయంత్రం వచ్చి ఆ రాత్రే వెళ్లిపోతాయి. ఏ మాట దగ్గర వెలుగు తగ్గాలి, నటుడు ఏ గుర్తు మీద నిలబడాలి అన్నవి రిహార్సల్‌లోనే కుదురుతాయి. ఆ వారం రోజులూ దీపాలు హాల్లోనే ఉండాలి, వాటిని నడిపే కుర్రాడో అమ్మాయో ఊళ్లోనే ఉండాలి. జాతర మైదానంలో వేలమంది ముందు ఆడేటప్పుడు మాత్రం ఈ ఎనిమిదీ చాలవు, అప్పుడు అద్దెకు తెచ్చుకోవలసిందే.