తలుపు సందు చెప్పే నిజం

ఎంజీబీ అనే పాత బ్రిటిష్ స్పోర్ట్స్ కారు కొనడానికి వెళ్లినవాడు ముందుగా బానెట్ ఎత్తమన్నాడంటే, అమ్మేవాడికి సగం బేరం కుదిరినట్టే. చూడాల్సింది ఇంజన్ కాదు. తలుపు వేసి, దానికీ వెనక రెక్కకీ మధ్య ఉన్న సందు చూడాలి. పైనుంచి కిందిదాకా ఒకే వెడల్పు ఉంటే సరే. పైన బిగుసుకుపోయి, కిందికి వచ్చేసరికి వేలు దూరేంత తెరుచుకుంటే ఆ కారు నడుం వంగిందన్నమాట. రెండో పరీక్షకు ఒక చిన్న అయస్కాంతం చాలు. దానికి పలుచని గుడ్డ చుట్టి తలుపు కింది పట్టీ పొడవునా జరుపుకుంటూ పోతే, రేకు ఉన్నచోట అంటుకుంటుంది, పుట్టీ ఉన్నచోట జారిపోతుంది. రంగు ఎంత మెరిసినా అయస్కాంతానికి మొహమాటం ఉండదు.

ఆ తలుపు కింది పట్టీనే సిల్ అంటారు. బ్రిటన్‌లో పాత కార్లను బాగుచేసేవాళ్ల మాటల్లో సగం దాని చుట్టూనే తిరుగుతాయి. కారణం కారు నిర్మాణంలోనే ఉంది. ఎంజీబీకి ముందు వచ్చిన ఎంజీఏకి విడిగా ఛాసిస్ ఉండేది. బాడీని దాని మీద బిగించేవారు. 1962లో ఆక్స్‌ఫర్డ్ దగ్గరి అబింగ్డన్ ఫ్యాక్టరీ నుంచి వచ్చిన ఎంజీబీలో బాడీయే ఛాసిస్. రేకులన్నీ ఒకదానికొకటి వెల్డయి, ఆ మొత్తం కలిసి బరువు మోస్తుంది. పైకప్పు లేని రోడ్‌స్టర్‌లో పైనుంచి పట్టుకునేది ఏదీ లేదు కాబట్టి, ముందు చక్రాలనీ వెనక చక్రాలనీ కలిపి నిలబెట్టే పనిలో ఎక్కువ భాగం ఈ రెండు సిల్‌లదే. అందుకే దాన్ని ఒక్క రేకుతో సరిపెట్టలేదు. బయటికి కనిపించేది ఒకటి, నేల వైపున మరొకటి, మధ్యలో నిలువుగా ఇంకొకటి. అడుగున కోట బురుజు అంచులా మడిచిన పట్టీ. ఈ పట్టీకి క్యాసిల్ సెక్షన్ అనే పేరు అలాగే వచ్చింది.

ఇంత గట్టి పెట్టెలోకి నీళ్లెలా చేరతాయి? ముందు చక్రం విసిరే బురద రెక్క వెనక మూలకి వెళ్లి కూర్చుంటుంది. అక్కడున్న అడ్డురేకు చుట్టూ రబ్బరు పట్టీ ఉంటుంది. ఆ రబ్బరు ఎండిపోయిన రోజు నుంచి బురద తడి లోపలికి దిగుతుంది. పైగా బ్రిటన్‌లో చలికాలం రోడ్ల మీద మంచు గడ్డకట్టకుండా రాతి ఉప్పు చల్లుతారు. ఉప్పు కలిసిన నీరు విద్యుత్తును బాగా ప్రసరింపజేస్తుంది, తుప్పు పట్టడమంటే విద్యుత్ రసాయన చర్యే కాబట్టి దాని వేగం పెరుగుతుంది. తుప్పు తాను తిన్న ఇనుము కంటే ఎక్కువ చోటు ఆక్రమిస్తుంది. అందుకే రెండు రేకుల అతుకు మధ్య పుట్టిందంటే అతుకునే విప్పేస్తుంది. బయట చిన్న బుడగ కనిపించేసరికి లోపలి పని ఎప్పుడో ముగిసిపోయి ఉంటుంది.

దీనికి సులువైన మందు ఒకటుంది, అది మోసం. పాత సిల్ మీదే కొత్త రేకు తొడిగి, అంచులు అతికించి, పుట్టీ రుద్ది, అడుగున నల్లటి అండర్‌సీల్ దట్టంగా పూసేస్తారు. చూపుకి కొత్త కారు. లోపల కుళ్లు తన పని తాను చేసుకుపోతుంది, ఇప్పుడు దానికి చీకటి కూడా తోడు. ఇలాంటి పని ఎన్ని కార్లకు జరిగిందంటే, పాతకాలపు ఎంజీబీల్లో సిల్ విప్పితే కింద మరో సిల్, దాని కింద పాత సిల్ అవశేషం బయటపడటం బాగుచేసేవాళ్లకు వింతేమీ కాదు.

సరైన పద్ధతిలో మొదటి మెట్టు కోయడం కాదు, కట్టడం. సిల్ తీసేస్తే కారు మధ్యలో కుంగుతుంది. ఆ వంపులోనే కొత్త సిల్ వెల్డ్ చేస్తే వంపు శాశ్వతమైపోతుంది. కాబట్టి ముందు బాడీని సమతలంగా స్టాండ్ల మీద నిలబెట్టి, తలుపు ఖాళీకి అడ్డంగా ఇనుప గొట్టాలు తాత్కాలికంగా వెల్డ్ చేసి, సందుల కొలతలు రాసుకుంటారు. ఒకసారికి ఒక్క వైపే తెరుస్తారు. ముందు రెక్క బోల్టులతో బిగించింది కాబట్టి విప్పితే వస్తుంది. వెనక రెక్క వెల్డ్ చేసింది. దాని కింది మూలని కోయక తప్పదు, ఎందుకంటే సిల్ ఆ మూల వెనక్కి కూడా సాగుతుంది. బద్ధకస్తులు తలుపు స్తంభం దగ్గరే కొత్త రేకు ఆపేస్తారు. పని మంచిదో కాదో తెలిసేది అక్కడే.

ఫ్యాక్టరీలో స్పాట్ వెల్డింగ్‌తో వేసిన చుక్కలను ఒక్కొక్కటిగా డ్రిల్లుతో తొలిచి పాత రేకు విడదీస్తారు. కొత్త రేకుకి అవే చోట్ల రంధ్రాలు పెట్టి, అతుక్కునే ముఖాలకు జింక్ ప్రైమర్ పూసి, ఆ రంధ్రాలను మిగ్ వెల్డింగ్‌తో నింపుతారు. రేకు మందం మిల్లీమీటరు కూడా ఉండదు. ఒకేచోట గీత లాగుతూ పోతే వేడికి అప్పడంలా వంకర్లు పోతుంది. అందుకే ఇక్కడ అంగుళం, అవతల అంగుళం, మధ్యలో చల్లారడానికి విరామం. ఆఖరి వెల్డ్‌కి ముందు తలుపు మళ్లీ బిగించి, మూసి, సందు చూసుకోవాలి. కుదరకపోతే క్లాంపులు విప్పి మళ్లీ మొదలు. నా దృష్టిలో ఈ కళంతా ఆ ఒక్క ఓర్పులోనే ఉంది. వెల్డింగ్ శిక్షణతో వస్తుంది. పూర్తయినట్టు కనిపిస్తున్న పనిని విప్పగలగడం అందరికీ రాదు. చివరగా సిల్ లోపలికి గొట్టంతో మైనం చిమ్మి, రంధ్రాలకు రబ్బరు మూతలు పెడతారు. అడుగున నీరు కారిపోయే దారులు మాత్రం మూయకూడదు. శ్రద్ధగలవాళ్లు అండర్‌సీల్ పూసేటప్పుడు వాటినే పూడ్చేసిన ఉదాహరణలు కొల్లలు.

ఇంజన్ పని దీనితో పోలిస్తే సుఖం. 1798 సీసీ బి-సిరీస్ ఇంజన్ ఇనుప దిమ్మ. సిలిండర్లు అరిగితే బోరింగ్ చేసి పెద్ద పిస్టన్లు వేసుకోవచ్చు. తొలి ఏళ్లలో క్రాంక్‌షాఫ్ట్‌కి మూడు మెయిన్ బేరింగులు, 1964 చివరి నుంచి ఐదు. జంట ఎస్‌యూ కార్బ్యురేటర్లలో కదిలే భాగాలు వేళ్ల మీద లెక్కపెట్టవచ్చు. వాటిని రూపొందించిన స్కిన్నర్ సోదరులది చెప్పుల వ్యాపారం చేసే కుటుంబం. మొదటి నమూనాల్లో తోలు తిత్తి వాడారంటే ఆశ్చర్యం లేదు. సీసం లేని పెట్రోలు వచ్చాక వాల్వ్ కూర్చునే చోట గట్టి ఉక్కు రింగులు వేయించుకోవాల్సి వచ్చింది. ఆ తర్వాత ఇథనాల్ వచ్చింది. 2021లో బ్రిటన్ మామూలు పెట్రోలులో 10 శాతం ఇథనాల్ కలపడం మొదలయ్యాక పాత రబ్బరు పైపులు మెత్తబడి కారడం పెద్ద సమస్యయింది. ఇథనాల్‌కి తట్టుకునే పైపులు వేయడం ఇప్పుడు ఐచ్ఛికం కాదు. మన బంకుల్లో 20 శాతం కలిసిన పెట్రోలు పోయించుకునే పాత బండ్లవాళ్లకు ఈ బాధ విడమరచి చెప్పనక్కర్లేదు.

లూకాస్ కంపెనీ విద్యుత్ పరికరాల మీద జోకులకు లెక్కలేదు. దాని స్థాపకుణ్ణి చీకటి రాజు అని ఎద్దేవా చేయడం అభిమానులకు అలవాటు. ఇది కొంత అన్యాయమనే చెప్పాలి. దీపాలు మినుకుమినుకుమనడానికి చాలాసార్లు కారణం, ఎర్త్ తీగ బిగించిన చోట పట్టిన తుప్పు. ఆ ముఖాన్ని ఇనుము మెరిసేదాకా గీకి మళ్లీ బిగిస్తే సగం జబ్బులు పోతాయి. ఒక్క జాగ్రత్త: 1967 దాకా వచ్చిన ఎంజీబీల్లో బాడీకి కలిపేది బ్యాటరీ పాజిటివ్ కొసని. అది చూసుకోకుండా కొత్త రేడియో తగిలిస్తే రేడియో పోతుంది.

ఇక విడిభాగాలు. ఒక పాత కారు బతకడం యజమాని ప్రేమ మీద ఆధారపడదు, దాని రెక్కని ఎవరైనా ఇంకా అచ్చు కొడుతున్నారా అన్నదాని మీద ఆధారపడుతుంది. ఎంజీబీ ఉత్పత్తి 1980 అక్టోబరులో ఆగింది, అబింగ్డన్ ఫ్యాక్టరీ మూతపడింది. అప్పటికి 5 లక్షలకు పైగా కార్లు తయారయ్యాయి, వాటిలో అధికభాగం అమెరికా వెళ్లాయి. తుక్కుగా మారిపోవాల్సిన ప్రెస్ అచ్చులను వెతికి పోగుచేసింది బ్రిటిష్ మోటార్ హెరిటేజ్ అనే సంస్థ. 1975లో ఎంజీ యజమాని అయిన బ్రిటిష్ లేలాండ్ దాన్ని నెలకొల్పింది. 1988లో ఆ పాత అచ్చులతోనే ఎంజీబీ బాడీని పూర్తిగా, కొత్తగా అమ్మడం మొదలుపెట్టింది. ఉత్పత్తి ఆగిన ఎనిమిదేళ్లకు ఫ్యాక్టరీ బాడీ మళ్లీ పుట్టింది. రోవర్ కంపెనీ 1992లో ఆ బాడీని ఆధారం చేసుకునే ఆర్‌వి8 అనే కొత్త కారు తెచ్చింది. సుమారు 2,000 తయారైతే, వాటిలో ఎక్కువ జపాన్ వెళ్లాయి. పాత కార్ల కోసం దాచిన అచ్చులు కొత్త కారుకి జన్మనివ్వడం పరిశ్రమలో తరచూ జరిగేది కాదు.

ఎస్‌యూ కార్బ్యురేటర్లు నేటికీ సాలిస్‌బరీలో బర్లెన్ సంస్థ తయారుచేస్తోంది. 1948లో లాస్ ఏంజెలిస్‌లో మొదలైన మాస్ సంస్థ కేటలాగులో బేరింగు నుంచి బ్రేకు పైపు దాకా దొరుకుతాయి. అయినా దొరకడం వేరు, సరిపోవడం వేరు. కొత్తగా తయారైన నకలు భాగాల్లో డిస్ట్రిబ్యూటర్ రోటర్ ఆర్మ్, కండెన్సర్ పేరు చెప్పగానే చేయితిరిగినవాళ్లు నవ్వుతారు. రోడ్డు మధ్యలో కారు ఆపగలిగే అగ్గువ వస్తువులు అవి. అలాగని అట్టపెట్టెలో చెక్కుచెదరని పాత అసలు సరుకు దొరికితే అన్నీ కొనేయకూడదు. గేర్లూ స్విచ్చులూ అయితే బంగారం. రబ్బరు సీళ్లయితే పెట్టెలోనే ముసలివైపోయి ఉంటాయి.

హ్యాంప్‌షైర్‌లోని బ్యూలీలో 1967 నుంచి ఏటా పాత సామాను సంత జరుగుతుంది. గడ్డి మీద దుప్పట్లు పరిచి కార్బ్యురేటర్లు, హెడ్‌లైట్ రింగులు, ఏ కారుదో ఎవరికీ తెలియని ఇత్తడి ముక్కలు రాశులు పోస్తారు. అక్కడ పనికొచ్చేది జ్ఞాపకం కాదు, పార్ట్ నంబరు. ఒకే నంబరు గల వస్తువు ఆస్టిన్‌లోనూ మోరిస్‌లోనూ వోల్స్‌లీలోనూ ఉండవచ్చు. స్పోర్ట్స్ కారు పేరు చెబితే ఒక ధర, సెడాన్ పేరు చెబితే మరో ధర. మరల విషయంలో కూడా తెలివి కావాలి. ఎంజీబీలో ఎక్కువగా యూఎన్‌ఎఫ్ అనే కొలత మరలే. కానీ అంతకుముందు తరం ఎంజీ టి-రకాల ఇంజన్లలో మర మెట్రిక్, బోల్టు తల మాత్రం విట్‌వర్త్ అనే మరో కొలత పానాకి సరిపోయేది! ఒక ఫ్రెంచి కంపెనీ వారసత్వం ఆ ఇంజన్లలో అలా మిగిలిపోయింది. తెలియనివాడు పెట్టెలోంచి దగ్గరగా ఉన్న బోల్టు తీసి బిగించి మర చెడగొడతాడు.

ఖర్చు సంగతి సూటిగా చెప్పుకోవాలి. ఎంజీబీ ఎక్కువగా తయారైన కారు కాబట్టి ధర మరీ ఆకాశంలో లేదు. కొత్త బాడీ కొని, నిపుణుల చేత పూర్తిగా చేయిస్తే, అమ్మినప్పుడు పెట్టింది తిరిగి రాకపోవడమే మామూలు. లాభం కోసమైతే పొడి వాతావరణం ఉన్న రాష్ట్రాల నుంచి తిరిగొచ్చిన అమెరికా కారు కొనడం తెలివైన పని. స్టీరింగు ఎడమ వైపు ఉన్నా సిల్‌లు గట్టిగా ఉంటాయి.

ఇన్ని రేకులు మార్చాక అది పాత కారేనా? తత్వవేత్తలకు వదిలేయకుండా బ్రిటన్ రిజిస్ట్రేషన్ శాఖ దీనికి అంకెల్లో జవాబు ఇచ్చింది. బాగా మార్పులు జరిగిన వాహనం పాత నంబరు నిలుపుకోవాలంటే చాలా ఏళ్లపాటు 8 పాయింట్లు కావాల్సి ఉండేది: ఛాసిస్‌కి లేదా బాడీకి 5, సస్పెన్షన్, యాక్సిళ్లు, గేర్‌బాక్సు, స్టీరింగులకు తలా 2, ఇంజన్‌కి ఒక్కటే. కారు గుండె ఇంజనేనని నమ్మేవాళ్లకు ఆ ఒక్క పాయింటు చేదుగా ఉండేది. 40 ఏళ్లు దాటి, పెద్దగా మార్పులు చేయని కార్లకు 2018 నుంచి ఏటా తనిఖీ తప్పనిసరి కాదు. నన్నడిగితే ఈ మినహాయింపు వాడుకోకపోవడమే మంచిది. సిల్ కింద ఏం జరుగుతోందో ఏడాదికోసారి పరాయి మనిషి పొడిచి చూడటం యజమానికే రక్ష.

మనకూ ఈ వంశంలో బంధువులున్నాయి. బి-సిరీస్‌లోని 1489 సీసీ ఇంజన్ ఎంజీఏని నడిపింది, తర్వాత మన అంబాసిడర్‌ని దశాబ్దాల పాటు మోసింది. ఉత్తర్‌పాడా ఫ్యాక్టరీలో 2014లో దాని ఉత్పత్తి ఆగింది. 2017లో అంబాసిడర్ పేరుని ఫ్రాన్స్‌కి చెందిన పెజో సంస్థ 80 కోట్ల రూపాయలకు కొన్నది; పేరుతో ముందు రెక్క తయారవదు. 2021 నిబంధనలతో 50 ఏళ్లు దాటిన బండ్లకు నంబరు ప్లేటు మీద వీఏ అక్షరాలతో వింటేజ్ రిజిస్ట్రేషన్ వచ్చింది కాబట్టి కాగితం దారి తెరుచుకుంది. రేకు దారి ఇంకా మిగిలే ఉంది. మద్రాసులో తయారైన స్టాండర్డ్ హెరాల్డ్‌నే తీసుకోండి. దాని కింది భాగాలు చాలావరకు బ్రిటన్‌లోని ట్రయంఫ్ హెరాల్డ్ సామాను అమ్మేవాళ్ల దగ్గర దొరుకుతాయి. కానీ నాలుగు తలుపుల హెరాల్డ్ బ్రిటన్‌లో ఎన్నడూ తయారు కాలేదు, ఇక్కడే తయారైంది. దాని వెనక తలుపు కుళ్లితే ట్రయంఫ్ కారు కేటలాగు ఎన్నిసార్లు తిరగేసినా లాభం లేదు. తుక్కు దుకాణాల్లో మరో హెరాల్డ్ దొరకాలి, లేదా చదును రేకుని దిమ్మ మీద పెట్టి సుత్తితో ఆ వంపు తీయగల టింకర్ దొరకాలి.