గిటారు మెట్ల మీద సరళీ వరుసలు

గిటారు సాధనలో మొదటి పదిహేను నిమిషాలు వేళ్లవి. ఎడమ చేతి నాలుగు వేళ్లూ దేనికది కదలాలి, ఆ నొక్కూ కుడి చేతి మీటూ ఒకే క్షణంలో పడాలి. అప్పుడే చెయ్యి తిరుగుతుంది. ఇందుకు అంతటా వాడుకలో ఉన్న పాఠం తేలికైనదే. చూపుడు వేలు మొదటి మెట్టు, నడిమి వేలు రెండోది, ఉంగరపు వేలు మూడోది, చిటికెన వేలు నాలుగోది వరసగా నొక్కుతూ ఆరు తీగల మీదా పోయి రావడం. వేళ్లకు ఇది చాలు గానీ చెవికి మాత్రం ఏ రాగమూ అందదు. కర్ణాటక సంగీతంలో తొలి పాఠాలైన సరళీ వరుసలు వేళ్లకు, చెవికి, తాళానికి ఒకేసారి పని చెబుతాయి.

ఈ వరుసలను 16వ శతాబ్దపు పురందరదాసు ఏర్పరచినట్లు సంప్రదాయం చెబుతుంది. వీటి రాగం 15వ మేళకర్త మాయామాళవగౌళ. వీణ మీదా గిటారు మీదా స్థాయికి మెట్లు 12 కాబట్టి లెక్క రెండింటికీ ఒకటే. వట్టి తీగను షడ్జమం అనుకుంటే రి 1వ మెట్టు, గ 4, మ 5, ప 7, ద 8, ని 11, పై స 12. వీణలో ఎడమ చేతి పని ప్రధానంగా చూపుడు, నడిమి వేళ్లదే. గిటారు మీద రి చూపుడు వేలికి, గ చిటికెన వేలికి వస్తాయి, మ కోసం చిటికెన వేలే ఒక మెట్టు జరుగుతుంది. పదనిసలకు కూడా మెట్ల మధ్య దూరాలు ఇవే. అందుకే అన్నిటికన్నా లావు తీగ మీద సరిగమలు వాయించి, దాని పక్క తీగ మీద 2, 3, 6, 7 మెట్లతో పదనిసలు పూర్తి చేయవచ్చు.

తాళం ఆదితాళం, 8 అక్షరాలు. నిమిషానికి 60 అక్షరాల నడకలో మొదటి కాలానికి అక్షరానికి ఒక స్వరం, రెండో కాలానికి రెండు, మూడో కాలానికి నాలుగు. అంటే నిమిషానికి 60, 120, 240 స్వరాలు. కాలు వేసే తాళం మాత్రం మారదు. మూడో కాలంలో స్వరం జారిపోతే రెండో కాలానికి దిగి రావాలి.

సరళీ వరుసల తర్వాత వచ్చే జంట వరుసల్లో ప్రతి స్వరమూ రెండేసి సార్లు పడుతుంది, నొక్కు రెండోదాని మీద ఉంటుంది. పిక్‌తో వాయించేవారికి కిందికి వేసే మీటు బలంగా, పైకి వేసేది పల్చగా పడడం సహజం. జంటలో రెండో స్వరం పై మీటుకే వస్తుంది. దాన్నే గట్టిగా పలికించాల్సి రావడంతో రెండు మీటుల బలమూ సమానమవుతుంది. దాటు వరుసల్లో స్వరాలు వరస తప్పి ఎగిరి దిగుతాయి, వాటితో వేలు చూడకుండానే మెట్టును పట్టుకోవడం నేర్చుకుంటుంది.

పాశ్చాత్య వాద్యం ఈ పద్ధతికి లొంగుతుందనడానికి పాలకొల్లులో పుట్టిన ఉప్పలపు శ్రీనివాస్ (1969–2014) మాండొలిన్ సాక్ష్యం. గురువు రుద్రరాజు సుబ్బరాజు పాడి వినిపిస్తే ఆయన దాన్ని తీగల మీద పలికించేవారు. జంట తీగలు తీసేసి ఒంటి తీగలు కట్టి, అయిదో తీగ చేర్చి, విద్యుత్ మాండొలిన్‌ను గమకాలకు, అంటే స్వరాన్ని ఊపి పలికించడానికి, అనువుగా మలచుకున్నారు.

గమకం కోసం తీగను పక్కకు లాగడం వేళ్లు వేడెక్కాకే చేయాలి. వేలు మెట్టుకు వెనగ్గా, దానికి దగ్గరగా పడితే తక్కువ బలంతోనే స్వరం తేటగా పలుకుతుంది. కొత్తలో వేలి కొసలు మండి, కొన్ని వారాలకు కాయలు కాస్తాయి. అది మామూలే. మణికట్టులోనో కీలులోనో నొప్పి పుడితే మాత్రం వాయించడం వెంటనే ఆపాలి. వారానికోసారి రెండు గంటలు కూర్చోవడం కన్నా రోజూ పావుగంట వాయిస్తే వేళ్లకు పాఠం బాగా పడుతుంది.