భక్తి చిత్రాల్లో విశ్వాస మూలం: పెంపకమా, పూర్వసంస్కారమా?

మనిషి మతవిశ్వాసానికి మూలం ఇంటి పెంపకమా, దానికి అతీతమైన సంస్కారమా అన్న ప్రశ్న తెలుగు సినిమాకు మాటలు వచ్చిననాడే వచ్చింది. 1932లో హెచ్.ఎం. రెడ్డి తీసిన తొలి టాకీ 'భక్త ప్రహ్లాద' తండ్రి శాసనాన్ని, గురువుల బోధను ధిక్కరించిన బాలుని కథ. పెంపకంపై విశ్వాసం సాధించిన విజయంగా దీన్ని వ్యాఖ్యానించడం పరిపాటి. ఆ వ్యాఖ్యానం అసమగ్రం.

పోతన భాగవతం సప్తమస్కంధంలో తన భక్తికి కారణాన్ని ప్రహ్లాదుడే తోటి దైత్యబాలకులకు వివరిస్తాడు. హిరణ్యకశిపుడు తపస్సుకు వెళ్లిన సమయంలో ఇంద్రుడు చెరపట్టిన లీలావతిని నారదుడు విడిపించి, తన ఆశ్రమంలో ఉంచాడు. తల్లికి ముని చేసిన బోధను గర్భస్థశిశువు విన్నాడు. కాలక్రమంలో తల్లి మరచింది, బిడ్డ మరవలేదు. చండామార్కుల బడికన్నా ముందే ప్రహ్లాదునికి మరొక బడి ఉందన్నమాట. పుట్టినిల్లు ప్రతికూలమైనచోట కథ ఆశ్రమాన్ని పుట్టింటికన్నా ముందరి ఇల్లుగా కల్పించుకుంది. పెంపకాన్ని కాదన్నట్లు కనిపించే ఈ ఉపాఖ్యానం నిజానికి పెంపకం లేని విశ్వాసాన్ని ఊహించలేకపోయింది.

కె. రాఘవేంద్రరావు 'అన్నమయ్య' (1997) దీనికి తలకిందులు. తాళ్లపాక ఇల్లు భక్తికి అనుకూలమైనదే. అయినా విష్ణుఖడ్గమైన నందకమే అన్నమయ్యగా జన్మించిందన్న సంప్రదాయాన్ని చిత్రం ఆధారం చేసుకుంది. మరదళ్లపై మోహంలో మునిగిన యువకుణ్ణి మారువేషంలో వచ్చిన విష్ణువే దారి మళ్లిస్తాడు. అనుకూలమైన ఇల్లు ఉన్నచోట దాని ప్రమేయం తగ్గిపోవడం గమనార్హం. వాగ్గేయకారుణ్ణి తీర్చిదిద్దిన ఊరు, భాష, గుడి కేవలం నేపథ్యంగా మిగలడం, చిత్రం ఎంత జనాదరణ పొందినా, లోపమే.

తెరపై కనిపించని ఈ పెంపకాన్ని తెర వెనుక చూడవచ్చు. మద్రాసు నుంచి తరలివచ్చిన చిత్రసీమ తన ఆచారాలను ఫిల్మ్ నగర్‌కు వెంట తెచ్చుకుంది. దేవుడి పటాలపై తొలి క్లాప్ కొడతారు. "కొబ్బరికాయ కొట్టారు" అంటే చిత్రీకరణ మొదలైందని, "గుమ్మడికాయ కొట్టారు" అంటే ముగిసిందని అర్థం. కులమతాలతో, వ్యక్తిగత విశ్వాసాలతో నిమిత్తం లేకుండా యూనిట్ అంతా ఇందులో పాల్గొంటుంది. ఇక్కడ పెంచినది కుటుంబం కాదు, వృత్తి. అది ఆచారాన్ని నేర్పగలదు. విశ్వాసాన్ని కూడా నేర్పుతుందని చెప్పలేం.

జూబ్లీహిల్స్ ప్రాంతంలో అన్నపూర్ణ స్టూడియోస్‌ను నెలకొల్పిన అక్కినేని నాగేశ్వరరావు ఇందుకు నిదర్శనం. నాస్తికుణ్ణని చెప్పుకున్న ఆయన 'విప్రనారాయణ' (1954)లో భక్తుడు, 'చెంచులక్ష్మి' (1958)లో విష్ణువు. బాల్యం నుంచి నాటకరంగంలో స్త్రీపాత్రలు ధరిస్తూ పెరిగిన నటునికి భక్తుని వాచికం, ఆంగికం అక్కడే పట్టుబడి ఉండాలి. 'చెంచులక్ష్మి'లోనూ ప్రహ్లాదుని కథ ఉంది. ఆ చిత్రం చూస్తూ పెరిగిన పిల్లల మనసులో నిలిచిన విష్ణురూపం ఒక నాస్తికుని ముఖంతో ఉండవచ్చు.